బుచ్చయ్యపేట టీచరు గారి కారు ఎందుకు ఆగింది

నాకు ముప్పై నాలుగేళ్ళు. రిటైరయ్యాను. ఎవరూ శాలువా కప్పలేదు, దండ వెయ్యలేదు. పన్నెండేళ్ళు కార్ల బంపర్ల కింద పడుకున్న నా నడుం ఒక రోజు ఇక లేవనంది, దాని నిర్ణయాన్ని నేను గౌరవించాను. అంతే. ఇప్పుడు చోడవరంలో సైకిళ్ళ షాపు పెట్టుకున్నాను. సైకిలుకీ గంట ఉంటుంది. కాకపోతే మనం నొక్కితేనే మోగుతుంది. ఆ సుఖం విలువ నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలీదు.

ఎందుకంటే ఆ పన్నెండేళ్ళలో చివరి నాలుగేళ్ళు నేను చూసినవన్నీ వాటంతట అవే అరిచే కార్లు. ముందు బండి దగ్గరైతే అరుస్తాయి, గీత దాటితే అరుస్తాయి, మనం పట్టించుకోకపోతే బ్రేకు కూడా అవే వేసుకుంటాయి. కంపెనీవాళ్ళు దీనికి నోరు తిరగని పేరు పెట్టారు. మా సర్వీస్ సెంటర్లో మాత్రం వీటిని 'అరుపుల కేసులు' అనేవాళ్ళం.

ఐటీఐ పాసై ఈ పనిలో చేరబోయే కుర్రాళ్ళు అప్పుడప్పుడు నా షాపుకి వస్తారు. "అన్నా, ముందు ఏటి నేర్సుకోవాలి?" అంటారు. ఒక్కొక్కరికీ చెప్పేసరికి నా పంక్చర్లు ఆగిపోతున్నాయి. అందుకే రాసి పెడుతున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఏ ట్రైనింగులో ఏ సర్టిఫికెట్ ఇచ్చారు అన్నవి ఇందులో ఉండవు. వాటివల్ల నేనేమీ నేర్చుకోలేదు. నేర్చుకున్నదంతా ఇబ్బంది పడ్డ రోజునే.

వడ్లు పాఠంలో లేవు

యంత్రం సంగతి ముందు చెప్పేస్తాను, పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ముందు అద్దం పైన, మధ్యలో, ఒక కెమెరా ఉంటుంది. ముందు బంపరు జాలీ వెనక అరచేతంత నల్లటి పెట్టె ఉంటుంది, దాన్ని రాడార్ అంటారు. ఈ రెండూ కలిసి ఎదురుగా ఏముందో ఊహిస్తాయి. తెలుసుకోవు, ఊహిస్తాయి. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం ఉద్యోగం వచ్చేసినట్టే.

ఆ ఊహ నేర్పిన ఇంజనీర్లు చాలా తెలివైనవాళ్ళు. కానీ వాళ్ళెవరూ కోతల రోజుల్లో రోలుగుంట రాలేదు.

అక్కడ ఎరువుల కొట్టు నడిపే ఒకాయన ఓ రోజు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "బాబూ, బండికి దెయ్యం పట్టింది. ఎదురుగా బస్సొత్తంటే నేను ఎడంకి తప్పుకుంటాను గదా, ఇది స్టీరింగు పట్టుకుని నన్ను మళ్ళీ కుడికి తోస్తంది. బస్సు కిందకి!"

ఆయన మా మేనేజరుకి బాగా తెలిసినాయన కాబట్టి నన్ను కూడా పంపారు. పక్కన కూర్చుని వెళ్ళాను. ఊరు దాటగానే దెయ్యం కనిపించింది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆ రైతు ఎవరో గాని పనిమంతుడు. వడ్ల అంచు తాడు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. నల్లటి తారు మీద లేత పసుపు గీత. మా ప్రాంతంలో రోడ్ల మీద అంత చక్కటి గీత సర్కారు వాళ్ళు కూడా వెయ్యలేదు. పాపం, కెమెరాకి ఎన్నాళ్ళకో ఒక గీత దొరికింది. ఇక వదల్లేదు. ఆయన వడ్ల మీదకి చక్రం ఎక్కించబోతే, గీత దాటుతున్నావని వెనక్కి లాగింది.

ఆ సదుపాయాన్ని ఆపే బటను చూపించాను.

"దెయ్యం పోయినట్టేనా?"

"పోలేదండి. ఇది నొక్కితే పడుకుంటుంది."

ఆయన బటను వంక చాలాసేపు చూశాడు. "మా బావమరిదికి గూడా ఇలాటిది ఎక్కడైనా ఉందేమో సూడు బాబూ" అన్నాడు.

ఇందులో కారు తప్పు చెయ్యలేదు, ఓనరు తప్పు చెయ్యలేదు, రైతు అసలే తప్పు చెయ్యలేదు. వడ్లు పాఠంలో లేవు, అంతే. అరుపుల కేసు వస్తే తప్పు ఎవరిదని వెతక్కండి. పాఠంలో లేనిది ఏం ఎదురైందో వెతకండి.

ఇంత మంచి మాట నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

మూర్తి గారి సిద్ధాంతం

మా మేనేజరు మూర్తి గారు మంచి మనిషి. తన డబ్బాలో ఇడ్లీలు నాకు పెట్టకుండా ఎప్పుడూ తినలేదు. ఆయనకి ఒక సిద్ధాంతం ఉండేది: కంప్యూటర్లో తప్పు చూపిస్తే బండిది తప్పు, చూపించకపోతే ఓనరుది. పాతికేళ్ళ సర్వీసుని ఆయన ఈ రెండు ముక్కల మీదే నడిపారు. ఇంక్రిమెంట్లు కూడా వాటి మీదే వచ్చాయి.

ఈ సిద్ధాంతానికి తోడు ఒక టెస్ట్ డ్రైవ్ ఉండేది. సర్వీస్ సెంటర్ నుంచి బజారు మలుపు దాకా వెళ్ళి వెనక్కి రావడం. ఆ దారిలో ఆవులు, ఆటోలు, అరటిపళ్ళ బళ్ళు అన్నీ సహకరిస్తే ముప్పై స్పీడు అందేది. అందిన రోజు మేం టీ తాగేవాళ్ళం. వంద మీద పరుగెత్తే కార్లని ముప్పైలో పరీక్ష చేసి 'బాగుంది' అని ఇచ్చేవాళ్ళం. ఇది తప్పని మూడేళ్ళపాటు నాకు తట్టలేదు. పని వేగంగా అయిపోతుంటే ఎవరికీ ఏదీ తట్టదు.

"మీ డ్రైవింగే మేడమ్"

వరహాలమ్మ టీచరుది బుచ్చయ్యపేట. ఉద్యోగం రోలుగుంట దాటాక ఒక ఊరి బళ్ళో. ఇరవై ఏళ్ళు రెండు ఆటోలు మారి, దొరికిన పావు సీటు మీద వేలాడుతూ వెళ్ళొచ్చారు. యాభై నాలుగో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, తన పేరు మీద కారు కొనుక్కున్నారు. అదీ అరిచే కారే. దారిలో ఇంకో ఇద్దరు టీచర్లని కూడా ఎక్కించుకునేవారు.

ఆవిడ భర్త అప్పలనాయుడు గారు చెరకు రైతు. ముప్పై ఏళ్ళు ట్రాక్టరు తోలిన చెయ్యి. కారునీ ట్రాక్టరులాగే తోలతారు.

ఇద్దరూ కలిసి వచ్చారు. టీచరు గారు వివరంగా చెప్పారు. "రోడ్డు మీద ఏటీ ఉండదు బాబూ. పురుగుండదు, పుట్రుండదు. కుయ్యిమని అరిసి టక్కున ఆగిపోతంది. మొన్న వెనకాల కూకున్న టీచరు కేరేజీలో పప్పుచారంతా నా మెడ మీదకొచ్చింది."

"నేను తోల్తే ఆగదు బాబూ. ఒక్కపాలి గూడా ఆగలేదు" అన్నారు నాయుడు గారు, అడగకుండానే. "ఆవిడ తోల్తేనే ఆగుతంది. బండికి గూడా తెలిసిపోయింది."

"ఏటి తెలిసింది?" అన్నారు టీచరు గారు.

"ఎవులు తోలాలో, ఎవులు తోలకూడదో."

వరసలో కూర్చున్న కస్టమర్లు నవ్వారు. నేనూ నవ్వాను. దాచడం ఎందుకు.

కారు కంప్యూటర్లోని తప్పులు చదివే స్కానర్ తగిలించాను. తప్పు ఒక్కటీ లేదు. బజారు మలుపు దాకా వెళ్ళొచ్చాను. ఇరవై ఎనిమిది అందింది. కారు బంగారంలా నడిచింది. అద్దాల గదిలోంచి మూర్తి గారు కనుబొమ్మలు ఎగరేశారు, అంటే సిద్ధాంతంలో రెండో ముక్క అని అర్థం. నేను టీచరు గారితో ఇలా అన్నాను: "బండిలో ఏం లేదు మేడమ్. మీకు తెలీకుండా కాలు బ్రేకు మీద పడుతోందేమో. మీ డ్రైవింగే కొంచెం చూసుకోండి."

తాళం ఇవ్వడానికి చెయ్యి చాపాను. ఆవిడ చెయ్యి చాచేలోపు మధ్యలో నాయుడు గారి చెయ్యి వచ్చింది. తాళం ఆయన జేబులోకి వెళ్ళింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ పక్క సీట్లో కూర్చున్నారు.

నా వృత్తి జీవితంలో నేను పగలగొట్టిన అద్దాలు రెండు, తప్పుగా బిగించిన బోల్టులు లెక్కలేదు. వాటన్నింటినీ మర్చిపోయాను. ఆ తాళం జేబులోకి వెళ్ళిన చప్పుడు మర్చిపోలేదు.

శనివారం ఆటో

రెండు వారాల తర్వాత, శనివారం మధ్యాహ్నం, సర్వీస్ సెంటర్ ముందు ఆటో ఆగింది. టీచరు గారు దిగారు, ఒక్కరే.

"బాబూ, రేపు పొద్దున్న విశాఖపట్నం నుంచి బండి కొనడానికొస్తన్నారు. ఆయన మాటాడేసేరు."

"మీ పేరు మీద ఉంది కదా మేడమ్. సంతకం పెట్టనంటే సరి."

"పెట్టనని ఏటని సెప్పను? బండిలో ఏటీ లేదని నువ్వే సెప్పేవు. బండిలో లేకపోతే ఇంక మిగిలింది నేనే గదా." ఆవిడ గొంతు పెంచలేదు. లెక్క చెబుతున్నట్టే చెప్పారు. "సోమారం నుంచి మళ్ళీ రెండాటోలు. అదేటీ పెద్ద కష్టం కాదులే, ఇరవయ్యేళ్ళు ఎక్కేను. కానీ నాకు డ్రైవింగ్ రాదంటే నమ్మకం కుదరట్లేదు. ఒక్కపాలి నా పక్కన కూకో. సూడు. సూసేక గూడా నాదే తప్పంటే, రేపు సంతకం పెట్టేస్తాను."

నాకు ఎలాంటి సమయంలోనైనా ఒక జోకు తడుతుంది. మా తాత పోయినప్పుడు కూడా తట్టింది. ఆ శనివారం మాత్రం తట్టలేదు. డాక్టరుకి చూపించుకోవాల్సినంత విచిత్రం.

ఎరువుల కొట్టాయన పక్కన కూర్చున్నవాణ్ణి, ఈవిడ పక్కన ఎందుకు కూర్చోలేదు? ఆయన దెయ్యం అన్నాడు, అయినా వెళ్ళి చూశాను. ఈవిడ జరిగింది జరిగినట్టు చెప్పారు, అయినా వెళ్ళలేదు. మేనేజరు పంపలేదన్నది సాకు. అసలు కారణం ఒకటే. ఆవిడ భర్త నాకు ముందే జవాబు చెప్పేశారు. నేను ఆ జవాబుకే స్కానర్‌తో ముద్ర వేయించి ఇచ్చాను. కుర్రాళ్ళూ, ఇంకేదైనా మర్చిపోండి గాని ఇది గుర్తుపెట్టుకోండి. ఫిర్యాదు ఎవరిదో వాళ్ళ నోటినుంచే వినాలి, వాళ్ళు తోలుతుండగానే చూడాలి. పక్కవాళ్ళు చెప్పే జవాబు ఎప్పుడూ తేలిగ్గా ఉంటుంది. అందుకే అది ప్రమాదం.

మూర్తి గారు భోజనానికి వెళ్ళారు. నేను ఆవిడ ఆటోలోనే ఎక్కాను.

ముప్పై, అరవై

నాయుడు గారు వాకిట్లోనే ఉన్నారు. కారు తళతళలాడుతోంది. కొనేవాళ్ళ కోసం కడిగించారు.

"ఏటి బాబూ, తాళాలు ఇప్పించడానికొచ్చేవా?"

"కాదండి. నా తప్పో, మేడమ్ తప్పో తేల్చుకోడానికి వచ్చాను."

"తేలిపోయింది గదా."

"ఇంకోసారి తేలుద్దాం."

ముందు ఆయన్నే తోలమన్నాను. ముగ్గురం ఎక్కాం. రోలుగుంట రోడ్డులో వెళ్ళాం. నాయుడు గారు తోలుతుంటే మమ్మల్ని ఒక పాత ఆటో దాటిపోయింది. ముల్లు ముప్పై దగ్గర మేకు కొట్టినట్టు ఉంది. కారు కిక్కురుమనలేదు.

"సూసేవా?" అన్నారాయన.

తర్వాత టీచరు గారు కూర్చున్నారు. నేను ఆవిడ పక్కన, నాయుడు గారు వెనక. ఆవిడ అద్దం సరిచేసుకున్నారు, బెల్టు పెట్టుకున్నారు, మా ఇద్దరి బెల్టులూ చూశారు. నలభై. యాభై. చెయ్యి నిలకడగా ఉంది, చూపు దూరంగా ఉంది. కాలు బ్రేకు దరిదాపుల్లో లేదు, యాక్సిలరేటరు మీదే ఉంది. నేను ఆ కాలునే చూస్తున్నాను. రోడ్డు ఖాళీ. ముల్లు యాభై ఐదు దాటింది.

కుయ్యిమంది. ఆగింది. నాయుడు గారి తువ్వాలు వెనక సీట్లోంచి వచ్చి నా ఒళ్ళో పడింది.

"సూసేవా?" అన్నారు టీచరు గారు. అదే మాట. కానీ ఈసారి నాకు చెవులు వేడెక్కాయి.

నేను దిగి ఆవిడ సీట్లో కూర్చున్నాను. ముప్పైలో తోలాను, కారు పిల్లిలా ఉంది. అరవైలో తోలాను. కుయ్యిమని ఆగింది. నన్ను పట్టుకుని మరీ ఆపింది.

"అయితే బాబుక్కూడా డ్రైవింగ్ రాదన్నమాట" అన్నారు టీచరు గారు.

"రాదు మేడమ్. ఇంట్లోవాళ్ళకి ఇంకా చెప్పలేదు."

ఎవరు తోలారన్నది కాదు, ఎంతలో తోలారన్నది సంగతి. నాయుడు గారు జన్మలో ముప్పై దాటలేదు. మా టెస్ట్ డ్రైవూ దాటలేదు. దాటింది ఒక్క టీచరు గారే, ఎందుకంటే ఆవిడకి తొమ్మిదింటికి ప్రేయరు ఉంది.

మరి అరవైలో ఏమవుతోంది? బండి పక్కకి పెట్టించి, రోడ్డు వారన నా నడుం ఒప్పుకున్నంత మేరకి వంగి, బంపరు జాలీలోకి సెల్‌ఫోన్ లైటు వేశాను. ఆ మొదటి రోజు స్కానర్ తగిలించాను గాని, ఈ వంగడం ఒక్కటి చెయ్యలేదు.

లోపల, నల్లటి పెట్టెకి కాస్త కింద, అడ్డకమ్మీకి నల్లదారంతో కట్టి ఒక రాగి రేకు వేలాడుతోంది. తమలపాకంత ఉంది. మధ్యలో గీతలు, మూలల్లో అక్షరాలు, మీద ఎండిన పసుపు. బండి నిలబడి ఉంటే అది బుద్ధిగా కిందకి వేలాడుతుంది. వేగం పెరిగితే జాలీలోంచి దూరే గాలికి పైకి లేచి, సరిగ్గా రాడార్ మొహం మీద రెపరెపలాడుతుంది. మొహం ముందు రాగి రేకు ఆడుతుంటే మనమైనా కళ్ళు మూసుకుంటాం. పాపం, అది బ్రేకు వేసింది.

"మేడమ్, ఈ యంత్రం మీరు కట్టారా?"

"యంత్రమేటి?" టీచరు గారు వంగి చూశారు. తర్వాత నెమ్మదిగా లేచి భర్త వైపు తిరిగారు. నాయుడు గారు పక్కనున్న చెరకుతోటని, అందులో ఎన్ని గెడలున్నాయో చెప్పాల్సినంత శ్రద్ధగా చూస్తున్నారు.

"ఏటండీ ఇది?"

"ఏదే?"

"ఇది."

"ఓ, అదా." ఆయన తువ్వాలు వెతుక్కున్నారు. తువ్వాలు నా దగ్గర ఉంది, ఇచ్చాను. "నువ్వు బండేసుకుని బళ్ళోకెళ్ళిన మొదటి వారమే కట్టేనే. ఒక పంతులు గారు రాసిచ్చేరు. నువ్వు స్పీడుగా ఎళ్తన్నావని ఆ టీచర్లు సెప్పుకుంటంటే ఇన్నాను. నువ్వు బళ్ళోకెళ్ళి, తిరిగొచ్చేదాకా నాకు పొలంలో కాలు నిలవదు. నీకు సెప్తే నవ్వుతావని సెప్పలేదు."

ఆవిడ ఆ రేకునీ, ఆయన్నీ మార్చి మార్చి చూశారు. పెద్ద గొడవ అవుతుందనుకుని నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"అంటే ఇన్నాళ్ళూ బ్రేకులు మీరే యేసేరన్నమాట" అన్నారు టీచరు గారు. అని, రోడ్డు మీదే నవ్వడం మొదలుపెట్టారు. చేత్తో బానెట్ పట్టుకుని మరీ నవ్వారు. కాసేపటికి నాయుడు గారు కూడా నవ్వారు, అనుమతి దొరికినట్టు.

రేకు విప్పి ఆయన చేతిలో పెట్టాను. పారేయనన్నారు. డాష్‌బోర్డు అరలో పెట్టుకోమన్నాను, అక్కడ దేవుడికీ రాడార్‌కీ తగాదా లేదు. మళ్ళీ అరవైలో వెళ్ళాం. డెబ్బైలో కూడా వెళ్ళాం. చప్పుడు లేదు.

నా మాట అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి. ఆ రోజు నవ్విన కస్టమర్లని ఎక్కడని వెతకను? ఇంటికి తిరిగొచ్చేసరికి వాకిట్లో ఇరుగుపొరుగు నలుగురు ఉన్నారు, వాళ్ళతో సరిపెట్టుకున్నాను. "టీచరు గారి డ్రైవింగ్‌లో తప్పు లేదండి. తప్పు నాది, సరిగా చూడలేదు" అన్నాను. పక్కింటావిడ, "ఈ గుంటడెవుడు?" అంది, అంటే ఈ కుర్రాడెవరని. క్షమాపణకి మా ఊళ్ళలో అంతకు మించిన స్పందన రాదు.

నాయుడు గారు విశాఖపట్నం ఫోను చేశారు. "బాబూ, రేపు రాకండి. బండి అమ్మట్లేదు... లేదు లేదు, బండి బాగుంది. బాగుందనే అమ్మట్లేదు." ఫోను పెట్టేసి, కారు దిగగానే అలవాటుగా జేబులో వేసుకున్న తాళం తీసి, ఒక్క క్షణం చూసుకుని, భార్య చేతిలో పెట్టారు.

సోమవారం ఇదంతా మూర్తి గారికి చెప్పాను. ఆయన కంప్యూటరు వైపు చూసి, "రాగి రేకు అని కంప్యూటర్లో కోడ్ లేదు కదరా" అన్నారు. మర్నాటి నుంచి టెస్ట్ డ్రైవ్ బజారు వైపు కాకుండా ఊరి బయటకి మార్చారు. సిద్ధాంతం మాత్రం మార్చలేదు. పాతికేళ్ళ సిద్ధాంతం, ఆయన మాత్రం ఎక్కడికి పోతారు.

చెరకు ట్రాక్టరు

కానీ శనివారం ఇంకా అయిపోలేదు. నన్ను చోడవరంలో దింపుతానని టీచరు గారే బయల్దేరారు. నాయుడు గారు వెనక ఎక్కారు. సాయంత్రం ఎండ, కిటికీలు దించి ఉన్నాయి, గానుగల రోజులు కాబట్టి గాలంతా బెల్లం వాసన. నేను నా చెవులు రాడార్‌కి అప్పగించి కూర్చున్నాను.

ఒక మలుపు తిరగ్గానే ముందు చెరకు ట్రాక్టరు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు పోతోంది. ట్రాలీ మీద గెడలు వెనక్కి నాలుగడుగులు పొడుచుకొచ్చి ఊగుతున్నాయి. రాడార్‌కి ట్రాలీ ఇనుము కనిపిస్తుంది, గెడల కొసలు లెక్కలోకి రావు. వాటిని మనమే చూసుకోవాలి. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు వెనక లైటేమీ వెలగకుండానే గుంత దగ్గర ఆగిపోయింది.

నేను నోరు తెరిచేలోపు టీచరు గారి కాలు కదిలింది. మెత్తగా, తొందర లేకుండా. కారు గెడలకి బారెడు దూరంలో నిలబడింది. ఎవరి కేరేజీలోంచీ పప్పుచారు ఒలికేంత కుదుపు కూడా లేదు. ఆ తర్వాత, తీరిగ్గా, కారు ఒకసారి కుయ్యిమంది.

"ఇప్పుడా సెప్పడం?" అన్నారు టీచరు గారు కారుతో. "నేనెప్పుడో సూసేను."

"నేను గూడా సూసేనే" అన్నారు వెనకనించి నాయుడు గారు.

"మీరు కళ్ళు మూసుకున్నారు. అద్దంలో కనబడతంది."

ఆవిడ ఇండికేటరు వేసి, ఎదురుగా ఏమీ రావడంలేదని చూసుకుని, ట్రాక్టరుని దాటి మళ్ళీ అరవైకి తీసుకెళ్ళారు. కారు ఏమీ అనలేదు. నాయుడు గారూ ఏమీ అనలేదు.